కట్టెల కోసం చెట్టు వంక చూసిన వంటవాడు

నిరుడు వేసవిలో ఒక కథ రాసి ఇద్దరికి చదవమని ఇచ్చాను. ఒకరు మా ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్న చిన్ననాటి స్నేహితుడు, మరొకరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు. కథ చిన్నదే. ఒక పెద్దాయన తన బావమరిదికి ప్రోనోటు మీద 1,80,000 రూపాయలు అప్పు ఇచ్చాడు. సోమవారంతో ఆ నోటుకు మూడేళ్లు నిండుతాయనగా, ఆదివారం నాడు ఆ బావమరిది కొత్త ఇంటి గృహప్రవేశానికి భార్యతో కలిసి వెళ్లాడు. నోటు చొక్కా లోపలి జేబులో ఉంది. ఆయన పూజ చూశాడు, బంతిలో కూర్చుని భోజనం చేశాడు, తాంబూలం పుచ్చుకున్నాడు, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాడు. కాగితం మాత్రం జేబులోంచి బయటికి రాలేదు.

మా స్నేహితుడు ఫోన్ చేసి, "మూడేళ్లు అన్న మాట దగ్గరే నాకు చెమట పట్టిందిరా, ఆ గారెలు తినేటప్పుడైనా అడుగుతాడేమోనని చూశాను" అన్నాడు. మా మేనకోడలు రెండు రోజులు ఆగి, మొహమాటపడుతూ, "మావయ్యా, భోజనం చాలా బాగుంది, కానీ కథేది?" అంది.

ఇద్దరూ చదివింది ఒకే కాగితాలు. తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రోనోటు బాకీకి దావా వేయడానికి గడువు 3 సంవత్సరాలు. ఆ గడువు లోపల అప్పు తీసుకున్నవాడు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది; లేదంటే నోటునే తిరగరాయించుకోవాలి. రెండూ జరగకపోతే నోటుకు కాలదోషం పడుతుంది. పల్లెటూళ్లో పదిమందికి అప్పులిచ్చి పుచ్చుకున్నవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. జీతం బ్యాంకులో పడి, అప్పుల వాయిదాలు బ్యాంకులోంచే వాటంతట అవి కోసుకుపోయే మనిషికి ఇది తెలియాల్సిన అవసరమే రాలేదు. నేను సంయమనం అనుకుని దాచిపెట్టినది ఆమె వరకు కథ మొత్తాన్నీ దాచేసింది.

పాత్రకు పోయేది ఏమిటి, ఎప్పటిలోగా, పోతే తర్వాత ఏమవుతుంది అన్న ప్రశ్నలకు కలిపి ఒక పేరు పెట్టుకోవాలంటే మనకు పాత మాట ఒకటి ఉంది, పణం. జూదంలో ఒడ్డేది పణం. కథ రాసేవాళ్లు ఈ మాట ఎందుకు వాడరో నాకు తెలియదు గానీ, ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు, ఎందుకంటే పణంలో ఒడ్డడమూ ఉంది, లెక్కా ఉంది, నలుగురి ముందు పైకి చెప్పి తీరాల్సిన నియమమూ ఉంది. మనసులో ఒడ్డిన పణానికి జూదంలో విలువ లేదు.

మేనకోడలి మాట గుచ్చుకుని, రెండో ప్రతిలో అన్నీ చెప్పేశాను. బంతిలో కూర్చున్న పెద్దాయన మనసులో ఇలా ఒక పేరా నడిపాను: ఈ రోజు సంతకం పడకపోతే లక్షా ఎనభై వేలు మునిగినట్టే, ఆ డబ్బు మునిగితే చిన్నదాని పెళ్లి ఆగినట్టే, పెళ్లి ఆగితే ఊళ్లో తలెత్తుకు తిరగలేడు, బావమరిది చెయ్యి ఆ కాగితం మీద ఒక్కసారి కదిలితే చాలు తన బతుకు నిలబడుతుంది. మొదటి ప్రతిలో ఆ పెద్దాయనకు పెళ్లి కావలసిన కూతురే లేదు. వివరించడానికి కూర్చున్న గంటలో ఆమెను నేనే పుట్టించాను. వివరణకు ఉన్న జబ్బు ఇది: ఉన్నదాన్ని చెప్పి ఊరుకోదు, చెప్పింది చాలలేదేమో అన్న భయంతో లేనిదాన్ని తెచ్చి కలుపుతుంది. ఈ ప్రతి చదివి మా మేనకోడలు అర్థమైందంది, అంతకు మించి ఒక్క మాటా అనలేదు. మా స్నేహితుడికి కోపం వచ్చింది. "నాకు తెలిసిందే నాకు చెప్పావు, అది పోనీ, ఆ ముసలాయన ఎంత బాధపడుతున్నాడో కూడా నువ్వే చెప్పావు. ఇంక నేను చెయ్యడానికేముంది?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు భారతంలో దొరికింది, అదీ అనుకోకుండా. మా ఇంట్లో వేసవి సెలవులకు వచ్చిన పిల్లవాడికి కీచకుడి కథ చెబుతూ, ఒక చోట ఆగిపోయాను.

విరాటుడి కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నాడు. ఆ సభలో ధర్మరాజు కంకుభట్టు వేషంలో కూర్చుని ఉన్నాడు, భీముడు వంటల వలలుడిగా అక్కడే ఉన్నాడు. భీముడి చూపు దగ్గరలో ఉన్న పెద్ద చెట్టు మీద పడింది. దాన్ని పెరికితే ఏమవుతుందో చదివేవాడికి తెలుసు: కీచకుడు చస్తాడు, కొలువు కొలువంతా చస్తుంది, వలలుడు భీముడని లోకానికి తెలుస్తుంది, అన్నదమ్ములు ఐదుగురూ ద్రౌపదీ మళ్లీ అడవి దారి పట్టాలి. ఇంత పణం ఆ క్షణంలో ఉంది. అప్పుడు ధర్మరాజు వలలుడితో మాట్లాడింది కట్టెల గురించి. వంటకు కట్టెలు కావలసి వస్తే బయట ఎక్కడైనా చూసుకో, దీని జోలికి పోకు అన్న ధోరణిలో ఒక వంటవాడికి చెప్పే మాట అది. సభలో ఉన్నవాళ్లకు అందులో వేరే అర్థం కనిపించలేదు. భీముడికి మొత్తం అర్థమైంది. చదివే మనకు ఒళ్లు జలదరిస్తుంది.

పిల్లవాడికి ఈ ఘట్టం చెబుతున్నప్పుడు వాడు, "మరి చెట్టు పీకేయొచ్చుగా?" అన్నాడు. వాడికి నేను నేరుగా విరాటపర్వం మొదలుపెట్టాను, అజ్ఞాతవాసం షరతు చెప్పలేదు. షరతు తెలియనివాడికి ధర్మరాజు మాట నిజంగానే కట్టెల గురించిన మాట.

ఆ షరతు ఎక్కడ ఉందంటే, వెనక సభాపర్వంలో, రెండోసారి జూదం ఆడే ముందు. పన్నెండేళ్లు అరణ్యవాసం, పదమూడో ఏడు జనం మధ్యనే ఎవరికీ తెలియకుండా ఉండాలి, బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. ఆ మాట చెప్పింది శకుని. ఓడితే ఎంత కష్టమో, ద్రౌపది అడవిలో ఎలా నడుస్తుందో అతను చెప్పలేదు, చెప్పవలసిన పని అతనికి లేదు. ఒప్పందంలో షరతు చదివినట్టు చదివాడు, ఏళ్లు లెక్కపెట్టి చెప్పాడు, పాచికలు తీశాడు. మన తెలుగులో దీనికి ఇంకొక చిత్రం ఉంది. పణం చెప్పిన సభాపర్వం పదకొండో శతాబ్దపు నన్నయది, దాన్ని పండించుకున్న విరాటపర్వం పదమూడో శతాబ్దపు తిక్కనది. మధ్యలో అరణ్యపర్వం సగంలో ఆగిపోయి ఉంది, దాన్ని ఎర్రన పూర్తి చేసేది తిక్కన కూడా పోయిన తర్వాత. అయినా విరాటుడి కొలువులో షరతును మళ్లీ విడమరచి చెప్పవలసిన అవసరం లేకుండానే ఘట్టం నడిచిపోతుంది. అంకెల్లో ఒకసారి స్పష్టంగా చెప్పిన పణం అంత దూరం మోసుకుపోగలిగింది.

అంకెల మాట ఎత్తాను కనుక మొదటి జూదం సంగతి కూడా చెప్పాలి. సంస్కృత మూలంలో ధర్మరాజు ఒడ్డే ప్రతి పణానికీ వర్ణన ఉంటుంది, మణుల హారం, రథం, ఏనుగులు, గుర్రాలు, చివరికి తమ్ముళ్లు ఒక్కొక్కరూ. పాచిక పడడానికి మాత్రం ఒక్క శ్లోకం చాలు, శకుని "గెలిచాను" అంటాడు, అంతే. ఏం పోతోందో చెప్పడానికి బోలెడంత చోటు, పోవడానికి ఒక్క మాట. మేము కొత్తగా కథలు రాసేవాళ్లం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాం. పోయే వస్తువును ఒక విశేషణంతో సరిపెట్టి, పోయిన క్షణాన్ని రెండు పేజీల కన్నీళ్లతో నింపుతాం.

ఇదంతా ఆలోచించాక నాకు తేలిన విషయం ఒకటే. పణంలో రెండు భాగాలున్నాయి, లెక్క ఒకటి, బరువు ఒకటి. ఎంత, ఎప్పటిలోగా, ఏ నియమం ప్రకారం, ఎవరికి అన్నవి లెక్క. ఆ పోవడం ఆ మనిషికి ఎంత భరించరానిదో అన్నది బరువు. లెక్కను పాఠకుడు తనంతట తాను కనిపెట్టలేడు, దాన్ని దాచిపెట్టడం వాడిని మోసం చేయడమే. బరువును వాడు తనంతట తాను కట్టుకోగలడు, దాన్ని మనం చెప్పడం వాడి చేతిలోంచి పని లాక్కోవడం. నా మొదటి ప్రతిలో లెక్క దాచాను. రెండో ప్రతిలో లెక్కతో పాటు బరువు కూడా చెప్పాను. మా ఇద్దరు పాఠకులూ వాళ్ల వాళ్ల పద్ధతిలో ఈ మాటే అన్నారు, నాకు అర్థం కావడానికి భారతం దాకా వెళ్లవలసి వచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ అనిపించే కథ ఒకటి వెంటనే గుర్తొచ్చింది, కాళీపట్నం రామారావు 1960లలో రాసిన యజ్ఞం. అందులో అప్పు గురించిన తగవు పేజీలకు పేజీలు సాగుతుంది. అప్పు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఊరు బాగుపడిన కొద్దీ ఎవరు నిలబడ్డారు, ఎవరు పడిపోయారు, తీర్చవలసిన ధర్మం ఎవరిది, ఇదంతా మంటపం దగ్గర పెద్దమనుషుల మధ్య నలుగుతుంది. అంత చెప్పాలా అని ఒకప్పుడు నేనూ విసుక్కున్నాను. తిరిగి చదివితే, ఆ పేజీలన్నీ లెక్కకే ఖర్చయ్యాయని తెలిసింది. ఆ అప్పు తలకెత్తుకుంటే తన కొడుకు కూడా తనలాగే ఒకరి దగ్గర పాలేరుగా బతకవలసి వస్తుందన్నది, అప్పుపడిన మనిషి కొడుకైన సీతారాముడి లోపల ఎంత బరువుగా ఉందో, ఆ బరువును మనం తూచేలోపలే కథ అయిపోతుంది, తన కొడుకును తానే చంపి అతను చేసిన పని ఎదురుగా ఉంటుంది. ఆ ముగింపు నమ్మదగినదేనా అన్న వాదన దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది, దానిలోకి నేను పోను. ఆ వాదన జరగడానికి కూడా ముందు పరచిన ఆ లెక్కే ఆధారం అని మాత్రం అనగలను. పణం తెలియని ముగింపు గురించి ఎవరూ పోట్లాడుకోరు.

మూడో ప్రతికి కూర్చున్నప్పుడు ముందుగా కూతురి పెళ్లి తీసేశాను. మన సినిమాల్లో డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమంటాడే, ఆ పెళ్లి అలాంటి సరుకే. ప్రాణమో పరువో పోతుందంటే తప్ప జనం కూర్చోరన్న భయం నుంచి పుట్టింది. ఆ భయంలో ఒక కథకుడు ఎప్పుడైనా రాశాడంటే, తర్వాతి కథలో ఇంకా పెద్ద చావు తేవలసి వస్తుంది.

లెక్క చెప్పడానికి శకునిలాంటి మనిషి కావాలి, అంటే ఈ సంగతి ఎవరికి వ్యాపారమో వాడు. బయలుదేరే ముందు రోజు పెద్దాయన చెల్లు ఎలా రాయించుకోవాలో కనుక్కోవడానికి రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లినట్టు రాశాను. అతను నోటు తిప్పి తేదీ చూసి, వేళ్ల మీద లెక్కపెట్టి, "సోమవారం దాటితే ఇది చిత్తు కాగితం పెద్దాయనా. వెయ్యి రూపాయలైనా సరే కట్టించుకుని వెనకాల సంతకం పెట్టించుకోండి" అని, తరువాతి మనిషి కాగితం అందుకున్నాడు. రెండు వాక్యాలు. చట్టం పేరు లేదు, జాలి లేదు. ఈ పద్ధతిలో ఇంకొక సుఖం ఉంది. విషయం తెలిసినవాడికి అది లేఖరి మాట్లాడే తీరుగా వినిపిస్తుంది, తెలియనివాడికి సమాచారంగా అందుతుంది. మా స్నేహితుడు ఆ లేఖరిని మా పక్క ఊరి లేఖరిగా గుర్తుపట్టి నవ్వాడు. పాఠం చెబుతున్నానని అతనికి తోచనే లేదు.

మిగిలింది 1,80,000 అన్న అంకె. నెల జీతంగా అంత తెచ్చుకునే మనిషికి, సంవత్సరం పొడుగునా రెండెకరాల కౌలు చేసే మనిషికి ఆ అంకె ఒకటి కాదు. పెద్దాయన సంవత్సర ఆదాయం ఎంతో ఒక వాక్యంలో రాసి చూశాను, బ్యాంకు దరఖాస్తులా ఉంది. చివరికి ఆ డబ్బు ఎక్కడిదో ఆలోచించాను. రెండు పాడి గేదెలను అమ్మగా వచ్చినదని నిర్ణయించుకున్నాక కథ మొదటి పేరాలోనే ఆయన ఖాళీ పాకలోంచి సైకిలు తీస్తాడు, గుంజలకు పలుపుతాళ్లు ఇంకా వేలాడుతూ ఉంటాయి. పొద్దున్నే పాలవాడు గిన్నెలో పాలు పోసి వెళ్తాడు. ఒకప్పుడు పాడి ఉన్న ఇల్లు ఇప్పుడు పాలు కొనుక్కుంటోందన్న సంగతి నేను ఎక్కడా ఎత్తి చూపలేదు. మా మేనకోడలు ఈసారి ఆ పాలవాడి దగ్గర పెన్సిలుతో ఒక గీత గీసి పంపింది, పక్కన ఏమీ రాయలేదు.

అసలు పణం వేరే ఉంది, దాని గురించి కథలో ఒక్క ముక్క లేదు. పెద్దాయన ఎందుకు అడగలేకపోయాడంటే, అది ఆయన భార్య పుట్టిల్లు. తల్లిదండ్రులు పోయాక ఆమెకు ఆ గుమ్మం ఒక్కటే మిగిలింది, అదీ కొత్తగా కట్టిన గుమ్మం, ఆ రోజే మామిడాకులు కట్టారు. గృహప్రవేశం నాడు నలుగురిలో నోటు తీసి సంతకం అడిగితే, తమ్ముడు సంతకం పెట్టవచ్చు, కానీ ఆ గుమ్మం ఆమెకు మూసుకుపోతుంది. రెండో ప్రతిలో ఆమె బస్సులో భర్తతో, "మా వాడి దగ్గర ఆ కాగితం సంగతి ఎత్తకండి, నా మీద ఒట్టు" అంటుంది. ఆ వాక్యం నాకు చాలా ఇష్టం, మా అమ్మ గొంతులాగే ఉంటుంది. మూడో ప్రతిలో దాన్ని కొట్టేశాను. ఇప్పుడు ఆమె బస్సులో తమ్ముడి పిల్లల కోసం కొన్న గౌన్లను సంచిలోంచి తీసి, మడతలు సరిచేసి, మళ్లీ సంచిలో పెడుతుంది. ఒకసారి భర్త చొక్కా జేబు వైపు చూస్తుంది. ఆమెకు కాగితం సంగతి తెలుసునా తెలియదా అన్నది కూడా నేను తేల్చలేదు. సోమవారం లెక్క అంత గట్టిగా పాఠకుడి చెవిలో మోగుతున్నప్పుడు, ఆ గౌన్ల మడతలు వాటంతట అవే మాట్లాడతాయని నమ్మాను. మొదటి ప్రతిలో కూడా ఈ గౌన్లు ఉన్నాయి, అప్పుడు మాత్రం అవి ఉత్త గౌన్లే.

పణం గురించి ఇంత చెప్పి పర్యవసానం గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మొదటి రెండు ప్రతులూ బస్సులో ముగిశాయి. పాఠకుడి ఊహకు వదిలేశానని నాలో నేను గర్వపడ్డాను కూడా. మా స్నేహితుడు మాత్రం, "సోమవారం ఏమైంది?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్న అది. తేదీ పెట్టి కూర్చోబెట్టిన మనిషికి ఆ తేదీ చూపించకుండా లేచిపోవడం ఏం మర్యాద? భారతంలో పణం చెప్పినవాళ్లు దాని లెక్క ఎగవేయలేదు. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు బయటపడగానే దుర్యోధనుడు గడువు ఇంకా పూర్తి కాలేదు, మళ్లీ అడవికి పోవాలంటాడు. అప్పుడు భీష్ముడు ధర్మోపన్యాసం చేయడు, పంచాంగం లెక్క కడతాడు. ఐదేళ్లకు రెండు అధిక మాసాల చొప్పున పదమూడేళ్లకు 5 నెలల 12 రోజులు ఎక్కువే వచ్చాయి, గడువు నిండింది అంటాడు. శకుని నోట అంకెగా వచ్చిన పణానికి భీష్ముడి నోట అంకెగానే తీర్పు వచ్చింది. ఎంత యుద్ధం వెనకాల ఉన్నా, ఆ చోట మాట్లాడేది నెలల గురించీ రోజుల గురించే.

అందుకని మంగళవారం నాటి పొద్దు ఒకటి చివర చేర్చాను, నాలుగు వాక్యాలు. పాలవాడు వచ్చి పాత బాకీ ఎంతయిందో రాసుకోమంటాడు. ఆమె పెద్దాయన చొక్కా ఉతకడానికి తీసిపెడుతూ జేబులో ఉన్న కాగితం తీసి, ఖాళీగా ఉన్న వెనక వైపు, సరిగ్గా చెల్లు రాయవలసిన చోట, పాల లెక్క రాస్తుంది. పెద్దాయన చూసి, పెన్ను మూత ఆమెకు అందిస్తాడు.

ఇది రాసిన రాత్రి బాగుందనుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే లేఖరి అన్న చిత్తు కాగితం అన్న మాట వెక్కిరిస్తూ కనిపించింది. అతను చిత్తు కాగితమన్నాడు, చివర అది అక్షరాలా చిత్తు కాగితమైంది. అంత అతికినట్టు కుదిరితే పాఠకుడికి కథకుడి చెయ్యి కనిపిస్తుంది. పాల లెక్క వదులుకోవడానికి మనసొప్పలేదు. లేఖరి దగ్గరికే మళ్లీ వెళ్లాను. ఇప్పుడు అతను తేదీ చూసి, "సోమవారం దాటితే ఇది చెల్లదు పెద్దాయనా" అని మాత్రం అంటున్నాడు.